ఫ్రెంచివాళ్లకు ఎన్ని విస్తళ్లు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. గొడుగు ఒకటి. చెప్పు ఒకటి, ఎడమకాలిది, మా వంట మేస్త్రీ వీర్రాజుది. పెద్ద గరిటె ఒకటి. అరిటాకులు రెండు. పెన్సిళ్లు రెండు. ఐదు రూపాయల బిళ్ల ఒకటి. గోదావరికి వేసిన బిళ్ల పోయినట్టు కాదని వీర్రాజు వాదిస్తాడు గాని, జేబులో లేనిది ఏదైనా నా లెక్కలో పోయినట్టే. ఇవి ఎనిమిది. తొమ్మిదోది నా పేరు. సత్యం అంచనా వేస్తే ఒక్క విస్తరి మిగలదు, ఒక్క విస్తరి తగ్గదు అని కొవ్వూరు చుట్టుపక్కల పాతికేళ్లుగా అనేవారు. దానికి ధర కట్టడం నాకు రాదు కాబట్టి వట్టి ఒకటి అని రాసుకున్నాను.

మూడు రోజుల ప్రయాణానికి ఇది ఎక్కువే.

కొవ్వూరు

నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం బియ్యం మిల్లులో బస్తాలు చూసుకుంటూ సొంతంగా నేర్చుకున్నాను. ఇప్పుడు పెళ్లిళ్లకీ సంతర్పణలకీ అంచనా రాసిస్తాను. ఎంతమంది వస్తారు, అందులో రెండోసారి పప్పు వేయించుకునేవాళ్లు ఎందరు, బూరె వద్దంటూనే మూడు తినేవాళ్లు ఎందరు అన్నది నేను రాస్తే, వీర్రాజు వండుతాడు.

ఒకరోజు యానాం నుంచి వెంకటరత్నం గారనే ఆయన ఫోను చేశారు. ఆయన ముప్ఫై ఏళ్లు ఫ్రాన్సులో ఒక పిల్లల బడి వంటశాలలో పనిచేసి, పింఛను పుచ్చుకుని, భార్యతో సహా సొంత ఊరు వచ్చేశారు. నిరుడు మోకాలికి ఆపరేషన్ అయింది. మోకాలు బాగుపడి మేడ మెట్లు ఎక్కగలిగితే యానాం ఫ్రెంచివాళ్లందరికీ కడుపునిండా భోజనం పెడతానని ద్రాక్షారామం భీమేశ్వరస్వామికి మొక్కుకున్నారు. మోకాలు బాగుపడింది. ఆయన ఇప్పుడు రోజుకి నాలుగుసార్లు మెట్లెక్కుతున్నారు, అవసరం లేకపోయినా.

"ఎంతమందండీ?" అని అడిగాను.

"అది తేల్చడానికేనండీ మిమ్మల్ని రమ్మంటున్నది," అన్నారాయన.

వెళ్లనివాళ్ల కోసం ఒక మాట. యానాం ఒకప్పుడు ఫ్రెంచివాళ్ల పాలనలో ఉండేది. చుట్టూ ఉన్న ఊళ్లేమో ఇంగ్లీషువాళ్ల కింద ఉండేవి. ఇప్పుడూ చుట్టూ ఆంధ్ర, మధ్యలో ఈ ఊరు మాత్రం పుదుచ్చేరి కిందికి వస్తుంది. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయేటప్పుడు కొందరు మేం ఫ్రెంచి పౌరులుగానే ఉంటామని కాగితం రాసిచ్చారట. వాళ్లూ వాళ్ల పిల్లలూ మనలాగే తెలుగు మాట్లాడతారు, మనలాగే ఆవకాయ కలుపుకుంటారు, కాని బీరువాలో ఫ్రెంచి పాస్‌పోర్టు ఉంటుంది. అంతవరకే నాకు తెలుసు. అంతవరకే తెలిసి ఉంటే చాలా సుఖంగా ఉండేది.

రైలు గోదావరి మీదికి రాగానే వీర్రాజు ఐదు రూపాయల బిళ్ల విసిరాడు. అది వంతెన దూలానికి తగిలి వెనక్కి వచ్చి, ముందు కిటికీ దగ్గర కూర్చున్నాయన ఒళ్లో పడింది. ఆయన దాన్ని కళ్లకద్దుకుని మళ్లీ గోదావరిలో వేశాడు. ఆ పుణ్యం ఎవరి ఖాతాలో పడుతుందని వాళ్లిద్దరూ రాజమండ్రి దాకా తగువులాడారు. ఆ తగువు వింటూ నేను గొడుగు రైల్లో వదిలేశాను.

ద్రాక్షారామం

మొక్కు విన్న దేవుణ్ని ముందు దర్శనం చేసుకోవడం మర్యాద అని ఇక్కడ దిగాం. బయటికి వచ్చేసరికి వీర్రాజు ఎడమ చెప్పు లేదు. కుడిది ఉంది. ఒక్క చెప్పు ఎత్తుకెళ్లినవాడికి ఎన్ని కాళ్లుంటాయని వాడు నన్ను అడిగాడు. జవాబు చెప్పడానికి ఆధారాలు చాలవు.

గుడి దగ్గర హోటల్లో పెసరట్టు ఉప్మా అరవై రూపాయలు. మా కొవ్వూరులో యాభై ఐదు, కాని ఇక్కడ అల్లప్పచ్చడి అడగకుండానే రెండోసారి వేస్తారు, అంచేత సమానం. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన్ని యానాంలో ఫ్రెంచివాళ్లు ఎంతమంది ఉంటారని అడిగాను.

"ఊరంతా ఫ్రెంచివాళ్లేగదండీ," అన్నాడాయన, చిల్లర లెక్కపెడుతూనే. "పెట్రోలు వాళ్లకి తక్కువ, మందు వాళ్లకి తక్కువ. ఇంకేం ఉండాలండీ ఫ్రెంచివాడవడానికి."

వీర్రాజు ముఖం పాలిపోయింది. ఊరంతటికీ వండాలంటే వాడి దగ్గర ఉన్నవి నాలుగే గుండిగలు.

గుడిలో పూజారి గారిని అడిగితే ఆయన నిదానంగా ఆలోచించి, స్వామికి పాస్‌పోర్టులతో పని లేదనీ, మొక్కుకున్నప్పుడు ఆయన మనసులో ఎవరున్నారో వాళ్లకే పెట్టాలనీ, వాళ్లలో ఒక్కరు తగ్గినా మొక్కు తీరనట్టేననీ చెప్పారు. తీరకపోతే ఏమవుతుందని అడిగాను. ఆయన తన మోకాలి వైపు చూసుకున్నారు.

యానాం

బస్సు దిగిన చోటి నుంచి వెంకటరత్నం గారింటికి నడిచేలోపు మందు దుకాణాలు పదకొండు. నేను లెక్కపెట్టాను, వీర్రాజు చదివాడు.

వెంకటరత్నం గారికి డెబ్భై మూడేళ్లు. ఉదయం కాఫీలో కరకరలాడే రొట్టె ముంచుకుని తింటారు, ఆ తరువాత ఇడ్లీ తింటారు. మొదటిది అక్కడి అలవాటు, రెండోది ఆకలి అని వివరించారు. ఆయన భార్య సుభద్ర గారు మేం కూర్చునేలోపు మంచినీళ్లు, కాఫీ, జంతికలు తెచ్చి, మేం వద్దనేలోపు మళ్లీ తెచ్చారు. ఇల్లు పెద్దది, మధ్యలో గోడ ఉంది. వెనక భాగం ఈయనది. ముందు భాగంలో ఆయన అన్నగారు సుబ్బారావు గారు ఒంటరిగా ఉంటారు. ఆయనకి డెబ్భై ఆరు. భార్య పోయాక పదేళ్లుగా రెండు పూటలా సుభద్ర గారే కూరా పులుసూ క్యారేజీలో పంపుతున్నారు.

లెక్క మొదలుపెట్టాం. పాస్‌పోర్టు ఉండి ఇప్పుడు ఊళ్లో ఉన్నవాళ్ల పేర్లు వెంకటరత్నం గారు ఒక్కొక్కటే చెబుతుంటే రాసుకున్నాను. తనతో కలిపి నలభై ఒకటి. గీత గీసి కూడబోతుంటే, ఆ వీధి మలుపులో కిళ్లీ బడ్డీ పెట్టుకున్న ముసలమ్మ గారు గుమ్మంలోకి వచ్చి తన పేరు రాయమన్నారు. ఆవిడకి పాస్‌పోర్టు లేదు. ఫ్రెంచి జెండా ఉన్నప్పుడు ఈ ఊళ్లో పుట్టాననీ, ఫ్రెంచివాళ్ల పుట్టుకల పుస్తకంలో తన పేరు ఉందనీ, మొన్న మొన్న ఉద్యోగానికి వెళ్లి కాగితం తెచ్చుకున్న పిల్లల కంటే తాను ముందే ఫ్రెంచిదాన్ననీ అన్నారు. మరి ఆవిడలాంటివాళ్ల మాటేమిటని నలభై ఒకటిలో ఒకాయన్ని అడిగితే, జెండా కింద పుట్టినంత మాత్రాన ఫ్రెంచివాళ్లయితే ఆ రోజుల్లో పుట్టిన గేదెలు కూడా ఫ్రెంచివేనా అన్నాడు. ఆ మాట ముసలమ్మ గారి దాకా వెళ్లింది. ఆయనకి ఆ రోజు నుంచి కిళ్లీ లేదు.

సాయంత్రానికి నా కాగితం మీద నాలుగు అంకెలు ఉన్నాయి. నాలుగింటికీ సంబంధం లేదు. ఒక పెన్సిలు చివర నమిలి నమిలి పోయింది.

నాకు లెక్కపెట్టగలిగిన హద్దు కావాలి. అందుకని తీర్పు చెప్పాను: పాస్‌పోర్టు ఉన్నవాళ్లూ, అది లేకపోయినా ఆ పుట్టుకల పుస్తకంలో పేరున్నట్టు నకలు చూపించగలిగినవాళ్లూ ఫ్రెంచివాళ్లు. వెంకటరత్నం గారు సరేనన్నారు. నకలు చూపించినవాళ్లు యానాంలో పదహారు మంది తేలారు.

అప్పుడు ముందు భాగంలోంచి సుబ్బారావు గారు వచ్చారు. మడత కుర్చీ తనే తెచ్చుకుని, వేసుకుని, కూర్చున్నారు.

"నా పేరు ఎన్నోదండీ?" అని నన్ను అడిగారు.

పాస్‌పోర్టు ఉందా అని అడిగాను. లేదన్నారు. నకలు ఉందా అని అడిగాను. లేదన్నారు. వెంకటరత్నం గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"ఆ పుస్తకంలో వీడి పేరుంది, నా పేరు లేదు. ఒకే నాన్న, ఒకే అమ్మ, ఒకే ఇల్లు. వీడు ఫ్రెంచివాడు, నేను కాదు. ఇదేం లెక్కండీ లెక్కల మేస్టారూ?"

కారణం వెంకటరత్నం గారు చెప్పారు. వాళ్ల అమ్మగారి పుట్టిల్లు గోదావరి అవతల ఎదుర్లంక. మొదటి పురుడు పుట్టింట్లోనే పోయాలి కదా, అందుకని ఆవిడ పడవెక్కి అటు వెళ్లి సుబ్బారావు గారిని కన్నారు. రెండో కాన్పు అత్తారింట్లో, అంటే ఇక్కడ. రెండోవాడి పుట్టుక ఇక్కడి పుస్తకంలో ఎక్కింది. మొదటివాడిది ఎక్కలేదు, ఎక్కించాలని ఎవరికీ తోచలేదు.

"నేను పుట్టేటప్పుడు ఏ ఒడ్డున ఉండాలో మా అమ్మ నన్ను అడిగి వెళ్లిందాండీ?" అన్నారు సుబ్బారావు గారు.

ఆయన్ని భోజనానికి పిలవడం లేదని కాదు. అన్నగారిగా రమ్మని వెంకటరత్నం గారు బతిమాలారు. ఫ్రెంచివాడిగా పిలిస్తే వస్తాను, లేకపోతే రానన్నారు పెద్దాయన. అలా పిలిస్తే దేవుడి ముందు అబద్ధమాడినట్టు. పిలవక, ఆయన నిజంగా ఫ్రెంచివాడే అయితే ఒకరు తగ్గినట్టు. ఎటు చూసినా మోకాలికి ప్రమాదమే. ఆ రాత్రి క్యారేజీ మూత తీయకుండా వెనక్కి వచ్చింది. పదేళ్లలో ఇదే మొదటిసారని సుభద్ర గారు చెప్పి, దాన్ని అలాగే పట్టుకుని కాసేపు నిలబడ్డారు.

ఎదుర్లంక

రెండో రోజు ఉదయం ఆటోలో వంతెన దాటి అరిటాకుల కోసం వెళ్లాం. వంతెన ఇటు చివర బడ్డీలో కొబ్బరిబొండాం ముప్ఫై రూపాయలు. రాజమండ్రిలో యాభై. నీళ్లు తాగాక లేత కొబ్బరి గీకి ఇవ్వడం ఇక్కడ ధరలోనే కలిసి ఉంది.

అరిటితోట గంగరాజు గారిది. డెబ్భై నాలుగేళ్లట, చూస్తే అరవై అంటారు. ఆకు ఆరు రూపాయలు. బేరమాడుతూ, ఎవరి భోజనాలకని ఆయన అడిగితే సంగతంతా చెప్పాను. ఆయన కత్తి కింద పెట్టారు.

"అయితే నాకూ ఒక ఆకు ఉంచండి. నేను పుట్టింది యానాంలోనండి. మా అమ్మ పుట్టిల్లు అది. మొదటి పురుడుకి అటెళ్లిందండి."

నకలు ఉందా అన్నాను. ఇంట్లోకి వెళ్లి, వానకి తడవకుండా మూడు కవర్లలో చుట్టిన కాగితం తెచ్చారు. ఎందుకు పనికొస్తుందో తెలియకపోయినా వాళ్ల నాన్నగారు దాచమన్నారట.

అక్కడే గట్టు మీద కూర్చుని లెక్క వేశాను. యానాం ఆడపిల్లలు ఎదుర్లంక కోడళ్లయితే పెద్దబిడ్డలు యానాంలో పుట్టారు. ఎదుర్లంక ఆడపిల్లలు యానాం కోడళ్లయితే పెద్దబిడ్డలు ఎదుర్లంకలో పుట్టారు. అంటే నా హద్దు ప్రకారం ఎదుర్లంకలో పెద్దవాళ్లు ఫ్రెంచివాళ్లు, యానాంలో పెద్దవాళ్లు కారు. గంగరాజు గారి లాంటివాళ్లు ఆ ఒడ్డున మొత్తం ఏడుగురు తేలారు. అందరి దగ్గరా కాగితం ఉంది. వీర్రాజు ఇదంతా విని, పడవలో ఉండగానే పురుడొస్తే పుట్టిన ఊరు ఏదని రాసేవారని అడిగాడు. వాణ్ని ఆకులు కట్టమన్నాను.

నలభై ఒకటి, పదహారు, ఏడు. అరవై నాలుగు. ఆకులు అరవై ఆరు కొన్నాను, చిరుగులకి రెండు. నేను మామూలుగా పదోవంతు ఎక్కువ తీసుకుంటాను. కాని ఒక్క విస్తరి ఖాళీగా కనిపించినా ఒక ఫ్రెంచివాడు రానట్టే లెక్క అని వెంకటరత్నం గారు ముందే భయపడుతున్నారు. యానాం వైపు పెట్రోలు తక్కువని ఆటోవాడు బంకు దగ్గర ఆపాడు. అక్కడ ఒక మేక వచ్చి సరిగ్గా రెండు ఆకులు తిని, మూడోది వాసన చూసి వెళ్లిపోయింది. అంత ఖచ్చితమైన జంతువుని నేను ఎక్కడా చూడలేదు.

మళ్లీ యానాం

మూడో రోజు పెందలాడే వంట. పులిహోర, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, పూర్ణం బూరెలు. వెంకటరత్నం గారు వంటశాలలోకి వచ్చి ఉప్పు తగ్గించమని మూడుసార్లు చెప్పారు. అక్కడి బడిపిల్లలకి అలాగే పెట్టేవారట. వీర్రాజు మూడుసార్లూ సరేనండి అని, ఆయన వెళ్లాక మూడుసార్లూ చిటికెడు వేశాడు. ఈ హడావుడిలో పెద్ద గరిటె బావిలో పడింది.

పన్నెండున్నరకి అరవై నాలుగు మందీ వచ్చారు. ఒక్కరు తగ్గలేదు. ఎదుర్లంక వాళ్లు మొదటి వరసలో కూర్చున్నారు, అందులో గంగరాజు గారు సరిగ్గా సుబ్బారావు గారి అరుగు ఎదురుగా. పేపరు చదువుతున్న సుబ్బారావు గారు ఆయన్ని చూశారు. తాను పుట్టిన ఊరివాడు ఫ్రెంచి బంతిలో కూర్చున్నాడు. పేపరు మడిచారు.

సుభద్ర గారు అందరికీ పప్పు మీద నెయ్యి వడ్డించారు. ఇప్పుడు ఇంటి పెద్ద వరసల మధ్య నిలబడి కానివ్వండి అనాలి. అప్పటిదాకా ఎవరూ ముద్ద కలపరు. ఇంటి పెద్ద సుబ్బారావు గారు. ఈ సంగతి అప్పటిదాకా మాకెవరికీ తట్టలేదు.

ఆయన నడిచి వచ్చి మధ్యలో నిలబడ్డారు. ఏమీ అనలేదు. అరవై నాలుగు చేతులు ఆకుల మీద ఆగిపోయాయి. నెయ్యి పేరుకోవడం మొదలైంది.

"అనరా అన్నయ్యా," అన్నారు వెంకటరత్నం గారు.

"ముందు నువ్వను. నేనెవర్ని?"

"మా అన్నయ్యవి."

"అది మా అమ్మ చెప్పింది. నువ్వు చెప్పాల్సింది వేరే ఉంది."

వెంకటరత్నం గారు నా వైపు చూశారు. నేను కాగితం వైపు చూశాను. కాగితంలో అరవై నాలుగు ఉంది. ఆయన మోకాలి మీద చెయ్యి వేసుకున్నారు. సుభద్ర గారు నేతిగిన్నె పట్టుకునే ఆయన దగ్గరికి వెళ్లి, మూడు రోజులుగా క్యారేజీ వెనక్కి వస్తోందండీ, అని మాత్రం అన్నారు, చాలా చిన్నగా. అసలైతే రెండు రోజులే, మూడు పూటలు. నేను సరిదిద్దలేదు.

"నువ్వూ ఫ్రెంచివాడివేరా అన్నయ్యా," అన్నారు వెంకటరత్నం గారు, అందరికీ వినబడేలా. "అమ్మ పడవెక్కితే నువ్వేం చేస్తావు?"

సుబ్బారావు గారు కండువాతో ముఖం తుడుచుకున్నారు. కానివ్వండి అన్నారు. తరువాత చుట్టూ చూసి, "మరి నా విస్తరేదిరా?" అన్నారు.

విస్తరి లేదు. పాతికేళ్లలో నేను మొదటిసారి ఒకటి తగ్గాను.

సుభద్ర గారు లోపలికి వెళ్లి, ఫ్రాన్సు నుంచి తెచ్చుకున్న నీలం పువ్వుల పింగాణీ పళ్లెం, ఫోర్కు, చాకు తెచ్చి కుర్చీ వేసి, బల్ల వేసి పెట్టారు. అరవై నాలుగు మంది ఫ్రెంచివాళ్లు నేల మీద అరిటాకుల్లో చేత్తో తింటుంటే, సుబ్బారావు గారొక్కరే బల్ల మీద ఫోర్కుతో తిన్నారు. బూరెని గుచ్చితే పూర్ణం వెళ్లి గంగరాజు గారి చొక్కా మీద పడింది. అయినా ఫోర్కు వదల్లేదు.

మజ్జిగ వేళకి

మాట గోడలు దాటింది. మజ్జిగ వడ్డిస్తుండగా గేటు దగ్గర జనం కనిపించారు. అందరూ డెబ్భై దాటినవాళ్లు, అందరూ వాళ్ల వాళ్ల ఇళ్లలో పెద్దబిడ్డలు, అందరి అమ్మలూ మొదటి పురుడుకి ఏదో ఒక పడవ ఎక్కినవాళ్లే. సుబ్బారావు ఫ్రెంచివాడైతే మేమూ ఫ్రెంచివాళ్లమేనన్నారు. కాదనడానికి దారి లేదు, వెంకటరత్నం గారు అందరి ముందూ అనేశారు. పద్నాలుగు మందికి సరిపడా ఇంకా ఉందని వీర్రాజు నా చెవిలో చెప్పాడు, నాకు చెప్పకుండా ఎక్కువ వండినందుకు సిగ్గుపడుతూనే. కాని వాళ్లు మిగిలింది తినడానికి రాలేదు. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పేరుపేరునా పిలవాలన్నారు. పేర్లు రాసుకున్నాను. ఇరవై మూడు.

ఇంకో రోజు వీళ్లకి పెడితే సరిపోతుందని వెంకటరత్నం గారన్నారు. ఒప్పుకోనిది సుబ్బారావు గారు. ఫోర్కు కింద పెట్టి, నా రెండో పెన్సిలు తీసుకుని, జాబితాలో ఒక్కొక్క పేరు పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు. ఫలానా ఆయన అమ్మ పురుడుకి వెళ్లలేదు, అలిగి వెళ్లిందన్నారు. ఇంకొకాయన అసలు కాకినాడలో పుట్టాడన్నారు. "ఇలా అందరినీ ఫ్రెంచివాళ్లని చేసేస్తే ఇక ఫ్రెంచివాడికి విలువేముందండీ?" అన్నారు నాతో. అప్పటికి ఆయన ఫ్రెంచివాడై గంటన్నర అయింది. పెన్సిలు తిరిగి ఇవ్వలేదు.

ఇంటికొచ్చాక

సుబ్బారావు గారి పరిశీలన ఇంకా సాగుతోంది. క్యారేజీ మాత్రం మళ్లీ ఖాళీగా వెనక్కి వస్తోందట. మెట్లెక్కేటప్పుడు వెంకటరత్నం గారి మోకాలు కిర్రుమంటోంది. ఇరవై మూడు మంది బాకీ ఉంది కాబట్టి అంతమాత్రం కిర్రుమనడం న్యాయమేనని ఆయన ఫోనులో చెప్పారు.

ఆయన తరువాత సుభద్ర గారు ఫోను తీసుకున్నారు. అంచనా బాగా వేశారనీ, దప్పళం బాగుందని అందరూ అన్నారనీ చెప్పారు. మీకెలా అనిపించిందండీ అని మర్యాదకి అడిగాను.

"నేను తినలేదండీ. అందరూ లేచేసరికి నాలుగయింది, ఇంత పెరుగన్నం కలుపుకున్నాను." ఆ మాటతోనే, "నన్ను ఎందులో రాసుకున్నారో అడుగుదామనుకున్నానండీ. నా పాస్‌పోర్టు కూడా ఆయన దాని పక్కనే ఉంటుంది," అన్నారు.

కాగితం తీసి చూశాను. నలభై ఒకటిలో ఆవిడ పేరు లేదు. వెంకటరత్నం గారు చెప్పలేదు, నేను అడగలేదు, ముప్ఫై ఏళ్లు ఫ్రాన్సులో ఉండి వచ్చినావిడ మూడు రోజులూ మా ముందే కాఫీలు పట్టుకు తిరిగారు. ఇరవై మూడు కొట్టేశాను.

నేటికి బాకీ ఇరవై నాలుగు విస్తళ్లు.